సున్నుండని లేపిన గొంతు

దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచెళ్ళి గిన్నెలు తోముకునే మనిషిని నేను. దుబాయ్ అవతల ఉండే కల్బా ఊళ్ళో, మా గదిలో ఆరుగురు ఆడవాళ్ళం ఉండేవాళ్ళం. బాత్రూములో ఎవరో ఏడుస్తున్నారని ఒకామె వణికిపోతుంటే, వాచ్‌మన్‌తో పోట్లాడి కుళాయి బాగు చేయించింది నేనే. ఇప్పటికీ నమ్మనని చెప్పడానికే ఇది మొదలుపెట్టాను, చివరిదాకా ఆ మాట మీద ఉంటానో లేదో చూడాలి.

మాది పాలకొల్లు దగ్గర. ఇంటి పనికని దుబాయ్ వచ్చి, రెండిళ్ళు మారి, కల్బాలో ఒక పశువుల క్లినిక్‌లో ఆయాగా కుదిరాను. పశువులంటే ఎక్కువగా పిల్లులే. బోనులు కడగడం, బల్లలు తుడవడం సరే, నా అసలు పని ఆపరేషన్ అయ్యాక ఉండేది. మత్తు వదిలేదాకా వాటి పక్కన కూర్చోవాలి.

రెండు మందులు కలిపి పొడుస్తారు. ఒకటి నొప్పి తెలియనివ్వదు, ఇంకోటి మత్తు ఇచ్చి కండరాలన్నీ వదులు చేస్తుంది. ఆ మత్తులో పిల్లి కళ్ళు మూసుకోదు. రెప్ప వేయకుండా మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది గానీ ఏమీ చూడదు. ఆ కళ్ళు ఎండకుండా జెల్ రాయాలి, నాలుక పక్కకి లాగి పెట్టాలి, గ్లౌజుల్లో వేణ్ణీళ్ళు పోసి ముడేసి ఒంటికి ఆనించాలి. పని అయ్యాక డాక్టరు గారు విరుగుడు ఇంజెక్షన్ ఇస్తారు. ఇక పిలిచి లేపడం నా వంతు.

పిలవడంలో నాకో పద్ధతి ఉంది. ఇంట్లో ఏ భాష వింటుందో ఆ భాషలోనే పిలుస్తాను. అరబ్బుల పిల్లికి "యల్లా హబీబ్తీ, గూమీ" అంటాను, లే బంగారూ అని. హిందీవాళ్ళదైతే హిందీ. మా డాక్టరు మలయాళీ, నన్ను చూసి నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ, నా పిల్లులు తొందరగా లేచేవి.

కరోనా వచ్చిన రెండో ఏడు, ఎండాకాలం. ఒక మధ్యాహ్నం పక్కనున్న ఖోర్ ఫక్కాన్ ఊరి నుంచి యాదగిరి అనే డ్రైవరు ఒక తెల్ల పిల్లిని తెచ్చాడు. మేడ మీంచి పడి కాలు విరిగింది. కార్డు మీద పేరు లూనా అని ఉంది. యాదగిరిది జగిత్యాల వైపు.

"బతికితే తీస్కరా, లేకుంటే ఖలాస్, ఆడ్నే ఇడ్శిపెట్టు అన్నది మేడం. ఎట్లనన్న బతికియ్యుండ్రి అక్కా" అన్నాడు. మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి పిల్లి కోసం ఈయనకింత బాధేమిటో అనుకున్నాను.

కాలు బాగానే కట్టారు. పిల్లే లేవలేదు. విరుగుడిచ్చి గంట దాటింది. ఇంకో డోసు ఇచ్చారు. అరబ్బీలో పిలిచాను, హిందీలో పిలిచాను, వచ్చీరాని ఇంగ్లీషులో కూడా పిలిచాను. ఊపిరి మందగిస్తోంది. డాక్టరు స్టెత్ పెట్టి చూసి, గది మూలనున్న సింకు దగ్గరికెళ్ళి చేతులు కడుక్కోసాగాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు నా నాలుక మొద్దుబారింది. పన్ను పీకేముందు సూది వేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా. నేను మాట్లాడాలనుకోలేదు. నోరు దానంతటదే కదిలింది.

"లెగవే సున్నుండా! ఆటో వచ్చేసింది, లెగు లెగు!"

బొంగురు గొంతు. మా గోదావరి యాసే, కానీ నాది కాదు, నాకంటే పెద్దావిడది. డాక్టరు చటుక్కున తలుపు వైపు తిరిగి "కౌన్ ఆయా?" అన్నాడు, ఎవరో లోపలికొచ్చారనుకుని. తలుపు వేసే ఉంది.

పిల్లి చెవి కదిలింది. తర్వాత గుటక వేసింది. కాసేపటికి తల ఎత్తి, నన్ను కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

బయట కూర్చున్న యాదగిరి లోపలికొచ్చి నిలబడిపోయాడు. "గా పేరు నీకెట్ల ఎర్క అక్కా?"

ఆ ఇంట్లో నరసాపురం వైపు నుంచి వచ్చిన సువార్త అనే ఆవిడ వంట చేసేదట. పిల్లిని మేడం లూనా అంటే, ఈవిడ మాత్రం సున్నుండ అనేదట. ఊళ్ళో ఉన్న తన కూతురి ముద్దుపేరు. సువార్త ఇరవై రోజుల క్రితం కరోనాతో పోయింది.

"దవాఖానల మిషన్ పెట్టి మత్తులనే ఉంచిన్రు. మల్ల లేవనే లేదు. ఒక్కల్ని గూడ లోపటికి పోనియ్యలే" అన్నాడు.

పిల్లుల పక్కన గంటలకొద్దీ కూర్చుని పిలుస్తాను కదా, ఆ తల్లి చెవిలో తెలుగులో ఒక్క పిలుపు పిలిచినవాళ్ళు లేరు.

నేనామెను ఎన్నడూ చూడలేదు, ఫోనులోనూ మాట్లాడలేదు. యాదగిరి ఆ పేరు నా ముందు అన్నాడేమోనని గుచ్చి గుచ్చి అడిగాను. అనలేదని పిల్లల మీద ఒట్టేశాడు. ఎక్కడో విని మర్చిపోయుంటావని డాక్టరు అంటాడు. విని ఉండొచ్చు. మరి ఆయన తలుపు వైపు ఎందుకు తిరిగాడని అడిగితే మాట మారుస్తాడు.

యాదగిరి దగ్గర నంబరు తీసుకుని సువార్త కూతురికి ఫోన్ చేశాను. ఇంటర్ చదువుతోంది. జరిగింది చెప్పాను.

"రోజూ అలాగే లేపేదండీ. దుబాయ్ వెళ్ళాక కూడా ఫోన్ చేసి మరీ లేపేది. నేను ఆటోలో వెళ్ళడం మానేసినా ఆటో వచ్చేసిందనే అనేది" అంది. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "అమ్మ అన్నట్టే ఒక్కసారి అనరా ఆంటీ?"

కళ్ళు మూసుకుని అన్నాను. మళ్ళీ అన్నాను. మూడుసార్లు అన్నాను.

"పర్లేదండీ. అది మీ గొంతు" అంది.

మరి ఆ రోజుది ఎవరి గొంతో నేనిప్పటికీ చెప్పలేను. నమ్మనని మొదట్లో అన్నాను కదా, ఆ పిల్ల అడిగినప్పుడు మాత్రం ఇంకొక్కసారి రమ్మని వాళ్ళమ్మని మనసులో బతిమాలుకున్నాను. రాలేదు.