గుంటపడ్డ చిలక

నలభై మూడేళ్ల వయసులో, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని కంప్యూటర్ క్లాసుకు వెళ్లాను. బరంపురం పాత బస్టాండు దగ్గర మందుల షాపు పైన మేడగది. అక్కడ త్రీడీ డిజైన్ నేర్పుతారు. పాఠం చెప్పేది ఒక ఒడియా అమ్మాయి. నన్ను 'మౌసా' అనేది, మన బాబాయి అన్నట్టు. ఆమెకు ఇరవై రెండు ఉంటాయేమో, మా పెద్దమ్మాయి ఈడు.

సరదాకి వెళ్లలేదు. అన్నా నేనూ కంసాలి పని చేసేవాళ్లం. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పెద్ద బజారులో కుంపటి పెట్టాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఇంకో పని ఎవరికీ చేతకాలేదు. మాకు పని ఇచ్చే సావుకారు ఒకరోజు ఇద్దర్నీ పిలిచాడు. ఇకమీదట నగలు కంప్యూటర్లో చేయించి, మిషన్‌తో మైనపు నమూనా తీయించి, దాన్నిబట్టి పోత పోయిస్తాడట.

"మీలో ఎవరో ఒకలు ఈ పని నేర్సుకోండి. నేకపోతే కటక్ నుంచి మనిషిని తెస్తాను" అన్నాడు.

అన్నకి యాభై రెండు. ఫోన్లో అంకెలు నొక్కాలన్నా కళ్లజోడు వెతుక్కుంటాడు. "నువ్వెల్లరా. నువ్వు నేర్సుకుంటే ఇద్దరం బతుకుతాం" అన్నాడు. ఆ 'ఇద్దరం' అన్న మాట పట్టుకునే రోజూ ఆ మెట్లెక్కాను.

మొదటి వారమంతా మౌస్‌తోనే సరిపోయింది. దాని చక్రం కాస్త తిప్పితే చాలు, తెర మీది దిమ్మ ఎటో మాయమయ్యేది. ఆవగింజంత పూసను పట్టకారుతో పట్టే చెయ్యి, ఆ బాణం గుర్తును ఒకచోట నిలబెట్టలేకపోయేది. తప్పయితే వెనక్కి తీసుకోవచ్చని అమ్మాయి వందసార్లు చెప్పింది. రేకు మీద తప్పు దెబ్బ పడితే మళ్లీ కరిగించుకోవడమే తెలిసినవాణ్ణి, ఏ మీట నొక్కాలన్నా ముందు అమ్మాయిని అడిగేవాణ్ణి. నావల్ల కాదని రోజూ మా ఆవిడ దగ్గర గొణిగేవాణ్ణి. "అయితే మానీండి" అనేది. మానేసే ధైర్యమూ లేదు.

రెండో నెలలో సొంతంగా ఒక నగ చేయమన్నారు. చిలక లాకెట్టు ఎంచుకున్నాను. బజారులో చిలకలు కొట్టడంలో అన్న పెట్టింది పేరు. ఎక్కడ ఎంత లోతని అన్ననే అడిగాను.

"మెడకాడ గోరంత దిగాల. రెక్కకాడ అందులో సగం. కడుపుకాడ బాగా దించాల" అని బొటనవేలి గోరు చూపించి చెప్పాడు. అన్నీ రాసుకున్నాను. నాలుగు రోజులు కూర్చుని అచ్చం అలాగే దింపాను. చెయ్యి మొదటిసారి నా మాట విందని పొంగిపోయాను.

మైనపు నమూనా వచ్చింది. అందులో చిలక లేదు. చిలక ఆకారంలో గుంట ఉంది.

మా పనిలో రేకును వెచ్చటి లక్క మీద బోర్లించి వెనకనుంచి కొడతాం. మా కంటికి కనబడేది గుంటే, ఉబ్బు అవతలివైపు వస్తుంది. బుద్ధెరిగిన దగ్గర్నుంచి చిలకని గుంటగానే చూసినవాణ్ణి, తెర మీద కూడా గుంటే తవ్వాను. క్లాసంతా నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఒక అంకె ముందు మైనస్ గుర్తు పెట్టింది. చిలక పైకి లేచింది. ముప్పై ఏళ్లు నడుం వంచి నేర్చుకున్నది ఆ చిన్న గీతకి తిరగబడింది. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అలా సరిచేసి పోత పోసిన నా లాకెట్టును సావుకారు, అన్న కొట్టిన లాకెట్టు పక్కన పెట్టి అన్ననే పిలిచాడు.

"నువ్వే సెప్పు. తమ్ముడిది బాగుందంటే అతను కంప్యూటర్ మీద ఉంటాడు, లక్క పని బంద్. బాగులేదంటే ఈ ఏడాది ఇద్దరూ పాత పనే సేసుకోండి. ఆ తరవాత కటక్ మనిషి వస్తాడు."

ఇద్దరం అనుకున్న చోట ఒక్కడే మిగిలాడని అప్పుడు అర్థమైంది.

అన్న నా చిలకని వెలుగుకి పట్టి చూశాడు. రెక్క ఈకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, కన్ను మొద్దుగా ఉంది. అది అన్నకి తెలియకపోవడమేమిటి. నావైపు ఒకసారి చూశాడు.

"నాకంటే బాగా సేసినాడు సావుకారూ" అన్నాడు.

కాదు, అన్నదే బాగుందని చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. మింగేసి సావుకారుకి దణ్ణం పెట్టాను.

అన్న ఇప్పుడు గోపాల్‌పూర్‌లో ఒక హోటలు గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. ఆదివారం ఇంటికొస్తే, కంప్యూటర్లో కొత్తగా ఏటి నేర్సుకున్నావని అడుగుతాడు. తల వంచుకుని చెబుతాను. అన్న శ్రద్ధగా వింటాడు.