సెండి పెద్దమ్మ జేగంట

ఊరంతా ఒకే కప్పు కింద ఉండే మా పొడుగింట్లో సెండి పెద్దమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. వరికోతల్లో కాసేపు నడుం వాల్చితే తిడుతుంది. జేగంట మీద చెయ్యి తడబడితే మరీ తిడుతుంది. మా ఆడవాళ్లందరికీ గంటలు నేర్పింది ఆమే. ఇంట్లోని పెద్ద జేగంటను ఆమె మొగుడు రెంగ్గి పెళ్లికి ముందు ఊళ్లు తిరిగి కూలి చేసి, పడవలో తెచ్చాడు. దాన్ని చూసే ఆయన్ను చేసుకున్నానని నవ్వేది.

కిందటి వానల్లో రెంగ్గి పోయాడు. చావు జరిగితే మైల విడిచేదాకా మా ఇంట్లో ఏ గంటా మోగకూడదు. మోగితే, అప్పుడే నన్ను మరిచారా అని పోయినవాడు పైలోకం దారిలోనే కుమిలిపోతాడు. పెద్దమ్మ జేగంటకు నల్లగుడ్డ చుట్టి గోడవైపు తిప్పింది.

సరిగ్గా అప్పుడే మా ఊరిని వారసత్వ గ్రామంగా ప్రకటించడానికి మంత్రి వస్తున్నాడని కబురొచ్చింది. ఇంటిపెద్ద మెరోం, రెంగ్గి తమ్ముడే, వచ్చి బతిమాలాడు.

"ఒక్క పూట వదినా. గంటలు లేకపోతే పరువు పోతుంది."

"ఎవరి పరువురా? మీ అన్న ఇంకా ఏరైనా దాటలేదు. నువ్వప్పుడే చిందులెయ్యి."

మెరోం తల దించుకుని వెళ్లిపోయాడు.

మంత్రి పడవ దిగి మా ఇంటి మెట్లెక్కగానే ఆయన మనుషులు మైకుపెట్టెలో పాట పెట్టారు. గంటల పాటే, ఎక్కడో హోటల్లో రికార్డు చేసింది. వరండా దద్దరిల్లింది. మెరోం ఆపమని చేతులు ఊపితే, ఆయన కూడా ఆడుతున్నాడనుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దమ్మ మైలలో కట్టిన నల్లబట్టలతోనే వచ్చి మంత్రికి అడ్డం నిలబడింది.

"ఆపించు. కోడిని కోసి ఈ గుమ్మానికి రక్తం పూసి, తప్పయిందని నా మొగుడికి చెప్పు. చెప్పందే మెట్లు దిగనివ్వను."

మా మాట ఆ పట్నంవాళ్లకు ఒక్క ముక్క రాదు. మంత్రి చప్పట్లు కొట్టాడు. ఆమె గొంతు చించుకున్నకొద్దీ ఫొటోలు తీశారు. "ముసలావిడ భలే చేస్తోంది" అన్నాడొకడు. నవ్వుతూనే ఆమెను తప్పించుకుని దిగిపోయారు.

సాయంత్రం పెద్దమ్మ తన కోడినే కోసి, చెయ్యని తప్పుకు తనే మొగుడికి క్షమాపణ చెప్పుకుంది. దొంగసచ్చినోళ్లు, ఆ పని వాళ్లది.

ఇప్పుడు పట్నం రేవులో పెద్ద ఫొటో బోర్డు కట్టారు. అందులో ఉన్నది మా పెద్దమ్మే, నోరంతా తెరిచి అరుస్తూ. కింద 'రండి, మా ఆనందంలో పాలుపంచుకోండి' అని రాశారు.