బొగ్గు బాబాయ్ ఒప్పుకోడు

మా బొగ్గు బాబాయ్ ముందు ఏ వస్తువునైనా చూపించి "ఇది ఇంక పనికిరాదు" అన్నారో, ఆ పూట మీ పని అయినట్టే. కళ్ళజోడు పెట్టుకుంటాడు. చొక్కా చేతులు పైకి మడుస్తాడు. "ఎవరన్నారు?" అని అడుగుతాడు. ఇక ఆ వస్తువు బాగుపడేదాకా మిమ్మల్ని కదలనివ్వడు.

ఒకసారి పిన్ని నోరు జారి ఇంట్లో ఫ్యాను గురించి ఆ మాట అనేసింది. మూడు ఆదివారాలు ఆయన స్టూలు దిగలేదు. చివరికి ఫ్యాను తిరిగింది. కాకపోతే ఎదురు తిరిగింది.

"గాలంతా పైకి పోతోందండీ," అంది పిన్ని.

"పోనీ. ఇంట్లో వేడంతా ఉండేది పైనే కదా!"

"మరి మన సంగతో?"

"మంచమెక్కి నిలబడు."

ఆయన నాకు సొంత బాబాయేం కాదు. మేం పనిచేసే బట్టల రంగుల ఫ్యాక్టరీలో అందరికీ బాబాయే. రంగుశాల నుంచి వచ్చే ఊదా, ఎరుపు, నలుపు నీళ్ళను శుభ్రం చేసి బయటికి వదిలే విభాగానికి ఆయన పెద్ద. పక్కనే రేకుల గదిలో ఆ నీళ్ళకు పరీక్షలు చేసేదాన్ని నేను. ఆ నీళ్ళు చివరగా నిలువెత్తు తొట్టెల్లో నల్లటి బొగ్గుపలుకుల గుండా దిగుతాయి. పలుకుల నిండా కంటికి కనపడని రంధ్రాలు. రంగూ మురికీ వెళ్ళి వాటిలో చిక్కుకుంటాయి. కొన్ని నెలలకు రంధ్రాలన్నీ నిండిపోతాయి. ఇక ఎర్రనీళ్ళు పోస్తే ఎర్రనీళ్ళే వస్తాయి. అప్పుడు వేరేవాళ్ళయితే ఆ బొగ్గును తీసి పారేస్తారు. బాబాయా, పారేసేది?

"దానికేం కాలేదమ్మాయ్. మెక్కీ మెక్కీ కదల్లేకపోతోంది, అంతే."

షెడ్డు వెనక పొడవాటి ఇనప పీపా ఒకటి పడుకుని, ఉన్నచోటే మెల్లగా దొర్లుతూ ఉంటుంది. లోపలంతా ఇటుకలు పేర్చి ఉంటాయి. అదే కొలిమి. గాలి చొరబడకుండా బొగ్గును అందులో ఎర్రగా కాల్చి ఆవిరి పట్టిస్తే, రంధ్రాల్లోని మురికి పొగై వదిలిపోతుంది, బొగ్గు మిగులుతుంది. గాలి తగిలిందో, మిగిలేది బూడిదే. పది బస్తాలు పోస్తే తొమ్మిది తిరిగొస్తాయి. ఆ పోయిన బస్తా గుర్తొస్తే బాబాయ్‌కి ఇప్పటికీ ముద్ద దిగదు.

ఇలా ఉండగా కొత్త మేనేజర్ వచ్చాడు. కూర్చుని లేచినా ఇస్త్రీ నలగని మనిషి. మొదటిరోజే మా బస్తాల దగ్గర ఆగాడు.

"ఏంటివి?"

"వాడిన బొగ్గు సార్," అన్నాను.

"అంటే ఇంక పనికిరాదన్నమాట."

నేను కళ్ళు మూసుకున్నాను. పక్కన కళ్ళజోడు పెట్టె టప్పున తెరుచుకుంది.

"ఎవరన్నారు?"

మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద ఆర్డరు వేలాడింది. ఇకమీదట ఎప్పటికప్పుడు కొత్త బొగ్గే. పాతది గోడ అవతలి గోతిలోకి. కొలిమి పాత ఇనుములోకి. లారీ కూడా వచ్చేసింది. బాబాయ్ బస్తాల మీద తువ్వాలు పరుచుకుని, క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"దిగండి పెద్దాయనా," అన్నాడు మేనేజర్.

"దిగను."

"ఆర్డరు చదవలేదా?"

"రెండుసార్లు చదివాను. దస్తూరి బాగుంది. దిగను."

"బస్తాతో పాటు మిమ్మల్నీ ఎత్తించేస్తా!"

"ఎత్తించండి. గొయ్యి దాకా వచ్చి అక్కడా దీని మీదే కూర్చుంటాను."

లారీ డ్రైవరు ఒకసారి ఇద్దరి మొహాలూ చూసి, ఇంజను ఆపేసి, సీట్లో కాళ్ళు బారజాపుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. మేనేజర్ కాలరు తడిసి ముద్దయింది. బాబాయ్ క్యారియరు విప్పి, "తింటారా?" అని మర్యాదగా అడిగాడు. అది విని మేనేజర్‌కి ఇంకా మండింది.

"అసలు మీకేం కావాలి?"

"ఒక్క పరీక్ష. నేను ఓడితే బస్తాలన్నీ నేనే మోసి గోతిలో పోస్తా. మీరు ఓడితే లారీ ఖాళీగా పోవాలి."

మేనేజర్ సరేనన్నాడు. నా రేకుల గదిలో రెండు గాజు గొట్టాలు నిలబెట్టాను. ఒకదాన్లో కొత్త బొగ్గు. రెండోదాన్లో నాలుగుసార్లు కొలిమిలో కాలి వచ్చిన బాబాయ్ బొగ్గు. ఏది ఏదో మాకు తెలియకుండా మేనేజరే తారుమారు చేసి పెట్టాడు. రంగుశాల నుంచి ఆరోజు వచ్చిన ఊదా నీళ్ళు రెండింట్లోనూ పోశాం. కింద బొట్టు తర్వాత బొట్టు. రెండు గ్లాసుల్లోనూ నీళ్ళు తేటగా మెరిశాయి.

మేనేజర్ రెండింటినీ కిటికీకి ఎదురుగా ఎత్తి చూసి, అటు మార్చి ఇటు మార్చి, నా వైపు తిరిగాడు. "ఇందులో కొత్తదేది?"

"పెట్టింది మీరే కదా సార్!"

"తాగి చూపించనా?" అన్నాడు బాబాయ్ ఉత్సాహంగా.

"వద్దు బాబాయ్! పోయింది రంగే, అద్దకంలో వేసిన ఉప్పు అలాగే ఉంది!"

లారీ ఖాళీగా పోయింది. మేనేజర్ మాత్రం ఓడినవాడి పట్టుదలతో మా వెంటపడ్డాడు. "సరే, కొలిమి ఉండనివ్వండి. కానీ దానికి ముగ్గురెందుకు? ఒక్కరు చాలరూ?"

బాబాయ్ తడబడటం నేను మొదటిసారి చూశాను.

కొలిమి దగ్గర ఒక ముసలాయన పీపాను మోసే ఇనప దిమ్మె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. "ఈయన కొలిమి చప్పుడు వింటాడు సార్," అన్నాడు బాబాయ్.

"ఏమండీ!" అని పిలిచాడు మేనేజర్. ఉలుకూ పలుకూ లేదు.

"వినపడదా ఈయనకి?"

"మగ్గాల షెడ్డులో పాతికేళ్ళున్నాడు. చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు. ఇప్పుడు చేత్తో వింటాడు. లోపల ఇటుక కదిలితే మనకంటే ముందే లేస్తాడు. మనకు లోకంలో మోతలన్నీ వినపడతాయి. ఆయనకి కొలిమి ఒక్కటే."

పక్కన ఒకావిడ పీట మీద కూర్చుని బొగ్గు జల్లిస్తోంది. మోకాళ్ళు అరిగాయని రంగుశాలలో వద్దన్న మనిషి. "జల్లెడకి మోకాళ్ళతో పనేంటి సార్?" అన్నాడు బాబాయ్.

మూడో ఆయన ఉష్ణోగ్రత చూపించే ముల్లు ఎదుట హాయిగా గుర్రు పెడుతున్నాడు.

"నిద్రపోతున్నాడు!"

"గేటు దగ్గర నిద్రపోయాడనే కదా తీసేశారు. ఇక్కడ కొలిమి కాస్త చల్లబడిందంటే చలికి ఉలిక్కిపడి లేస్తాడు. గంటయినా మోగడం మర్చిపోతుందేమో గానీ ఈయన మర్చిపోడు."

"అంటే పనికిరా..." అని మొదలుపెట్టిన మేనేజర్, బాబాయ్ చెయ్యి కళ్ళజోడున్న జేబువైపు పోవడం చూసి మాట మింగేశాడు.

"ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా ఈ కొలిమి వెలగదు సార్," అన్నాడు బాబాయ్.

"ఎందుకు వెలగదు?"

"నేను వెలిగించను."

మేనేజర్ కాగితం తీసి 'ముగ్గురు' అని రాసి, సంతకం పెట్టి, నిద్రపోతున్నాయన లేవకుండా మెల్లగా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు నాలో ఒక అనుమానం బయల్దేరింది. నేను పెద్ద ల్యాబ్‌లో చేరిన వారానికే బాబాయ్ నన్ను అడిగి మరీ ఇక్కడికి తెప్పించుకున్నాడు. నాలో ప్రతిభ చూసే తెప్పించుకున్నాడని మా అమ్మ మూడేళ్ళుగా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెబుతోంది.

"బాబాయ్, మరి నన్నెందుకు తెచ్చుకున్నారు?"

ఆయన కొలిమి వైపు చూశాడు. జల్లెడ వైపు చూశాడు. "గాజు సామానుతో నీకు కాస్త పడటంలేదన్నారమ్మాయ్."

"అంటే?"

"వారంలో పదకొండు గొట్టాలు పగిలాయట."

"అబద్ధం! తొమ్మిదే!"

"చూశావా, మూడేళ్ళయినా ఎంత కచ్చితంగా గుర్తుందో!" అన్నాడు బాబాయ్, మొహం వెలిగిపోతూ. "పరీక్షలు చేసే మనిషికి ఇంతకంటే ఏం కావాలి?"