మూడో ఇంజిన్ సూది

దెయ్యాల మీద నాకు నమ్మకం లేకపోవడమే కాదు, ఆ మాటలు వింటే చిరాకు కూడా. కోవిల్‌పట్టిలో కంప్యూటర్ సెంటర్ నడిపినవాణ్ణి. ఎంత వింత జరిగినా దాని వెనక ఏదో ఒక ఫైలు ఉంటుందనుకునేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి పట్టింది. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట అది. అందులో ఎగరడానికి నాలుగు ఇంజిన్ల పాత బాంబర్ ఒకటి నేనే తయారు చేస్తున్నాను. అచ్చం అసలు విమానంలాగే ఉండాలని నా పట్టుదల.

నాకు దొరికిన ఆధారం మా తాత. పుదూరు దగ్గర పల్లెలో ఉండేవాడు. యుద్ధకాలంలో అలాంటి బాంబర్ల దగ్గరే ఇంజిన్ మెకానిక్. ఏ మీట ఎక్కడుండేదో, దాని పిడి ఏ రంగో ఆయన చెబుతుంటే నేను గీసుకునేవాణ్ణి.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయిల్ ప్రెషర్ చూపే నాలుగు మీటర్లు నేనింకా పనిచేయించలేదు. సూదులతో సహా వట్టి బొమ్మగా గీసి అతికించాను. ఇంజిన్ల శబ్దం కూడా నాలుగింటికీ ఒకటే రికార్డింగ్.

ఒక ఆదివారం మధ్యాహ్నం తాతను సెంటర్‌కు తీసుకొచ్చాను. మదురై రన్‌వే మీంచి విమానం లేపాను. పది నిమిషాలు కదలకుండా చూశాడు. ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకున్నాడు.

“రేయ్, మూడోదాని సత్తం సరిగా లేదు.”

అన్నిటి శబ్దమూ ఒకటేనని చెప్పబోయాను.

“సూది చూడరా!”

చూశాను. మూడో మీటరులో నేను గీసిన సూది వణుకుతూ సున్నా వైపు దిగుతోంది. మిగతా మూడూ ఉన్నచోటే ఉన్నాయి.

“అది నిలుపు. సీక్రం దించు. లోపల ఏడుగురు ఉండారు.”

ఆట అని తెలిసి కూడా ఆయన చెప్పినట్టే చేశాను. మూడో ఇంజిన్ ఆపి, మిగిలిన వాటితో వెనక్కి తిప్పాను. రెండుసార్లు ఎగిరిపడి విమానం రన్‌వే మీద ఆగింది. అప్పుడుగానీ తాత నా చెయ్యి వదల్లేదు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. యుద్ధంలో ఒక ఉదయం మూడో ఇంజిన్ శబ్దంలో ఏదో తేడా ఆయన చెవికి తగిలింది. తన భ్రమేమో అనుకుని, ఇంజిన్ బాగుందని సంతకం పెట్టేశాడు. ఆ విమానం తిరిగి రాలేదు. ఇన్నేళ్లలో మా అవ్వకు కూడా ఆ మాట చెప్పలేదట.

సాయంత్రం పుదూరు బస్సు ఎక్కిస్తుంటే మెట్టు మీద ఆగాడు.

“అందరూ దిగినారు కదరా?”

“దిగినారు తాతా,” అన్నాను.

తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

సెంటర్‌కు తిరిగొచ్చి ఫైలు తెరిచాను. సూది నేను గీసినచోటే ఉంది. దాన్ని కదిలించే ప్రోగ్రాం లైను ఒక్కటీ లేదు. వారంపాటు అదే దారిలో నడిపి చూశాను. మళ్లీ కదల్లేదు.

అదెలా కదిలిందో ఈనాటికీ చెప్పలేను. బస్సు దగ్గర అంత నమ్మకంగా ఆ జవాబు ఎలా ఇచ్చానో, అదీ చెప్పలేను.