కల్లు లొట్టికి తెరిచిన తలుపు

కోట ఉంది. ముట్టడి ఉంది. లోపలి నుంచి తెరుచుకున్న తలుపు ఉంది. ఒక వంశం మీద పడి తరతరాలకూ పోని మచ్చ ఉంది. మహాగాథ చెప్పబోతున్నాను, కాస్త సర్దుకుని కూర్చోండి.

సరే, మామూలుగానే కూర్చోండి. మహాగాథ లేదు, ఆ ముట్టడి నేను అల్లింది. తలుపు ఎవరూ తీయలేదు. ఉన్నదల్లా ఒక బ్యాటరీ, ఒక జోకు, ఆ జోకును కాపాడుకోవడానికి నేనన్న ఒక్క మాట. మచ్చ మాత్రం నిజంగానే పడింది. అది పడింది నా మీద కాదు, అదే బాధ.

ఆ మాటను అయిదేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అంటే గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి అది పంటికింది రాయి. ఉమ్మేయొచ్చు. కానీ నలుగురితో కూర్చుని తింటున్నప్పుడు ఉమ్మలేం కదా? నవ్వుతూ మింగేస్తాం. నేను ఎంత నవ్వుతూ మింగానంటే, పక్కవాళ్లు నాకు వంట నచ్చిందనుకున్నారు.

ఎయిర్‌పోర్టు శంషాబాద్‌కు వచ్చిన కొత్తలో, దాని దగ్గర ఒక రిసార్టు వాళ్లకు గొప్ప ఆలోచన వచ్చింది. మహేశ్వరం వైపు ఒక గుట్ట ఉంది. గుట్ట వాలు మీద పాత ఊరు, కూలిపోయిన బురుజులు, రాతి ప్రహరీ, శిఖరాన ఎల్లమ్మ గుడి. ఊరి పేరు చెప్పను. నా నోటి వల్ల ఆ ఊరికి జరిగింది చాలు. ఆ ఊరిని విమానం దిగినవాళ్లకు, వారాంతాల్లో గచ్చిబౌలి నుంచి వచ్చే కుటుంబాలకు సెగ్వేల మీద తిప్పి చూపించాలి. తిప్పే గైడుని నేను.

సెగ్వే చూడనివాళ్ల కోసం: పక్కపక్కన రెండు చక్రాలు, మధ్యలో నిలబడడానికి పీట, ముందు నిలువుగా ఒక పిడి. ముందుకు వంగితే పోతుంది, వెనక్కి వాలితే ఆగుతుంది. హెల్మెట్ పెట్టుకుని పదిమంది వరసగా పోతుంటే, ఇస్త్రీ బల్లలెక్కి ఊరేగుతున్నట్టుంటుంది. మొదటిరోజు మమ్మల్ని చూసి ఆ ఊరి లచ్చమ్మ అడిగింది: "నడిచేటందుకు గింత పరేషాన్ ఏంది బిడ్డా?" నేను హెల్మెట్ పట్టీ బిగించుకుని ముందుకు వంగాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయింది, దానికి తగ్గ ఉద్యోగమే రాలేదు. మా నాన్న భీమవరం నుంచి బదిలీ మీద వచ్చి, అత్తాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని ఉండిపోయిన బ్యాంకు మనిషి. ఇంట్లో నేను జోకర్ని. పెళ్లిలో అప్పగింతలప్పుడు, చావింట్లో పదో రోజున, ఎవరు కళ్లొత్తుకుంటుంటే వాళ్ల పక్కన చేరి నవ్వించడం నా పని. "వీడు చెప్పేది నమ్మకండి" అని మా అమ్మ నన్ను చుట్టాలకు పరిచయం చేసేది. ఆవిడ గుట్ట దాకా వచ్చి ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

లచ్చమ్మ ఇల్లు గుట్ట సగం ఎక్కాక మలుపులో ఉంటుంది, పాత కోట ద్వారం ఉండిన చోటుకి ఆనుకుని. ద్వారం ఎప్పుడో కూలిపోయింది. ఇనుప బొడిపెలున్న ఒక తలుపు రెక్క మాత్రం వాళ్ల వాకిట్లో రాళ్ల మీద పడుకోబెట్టి ఉండేది. దాని మీద వాళ్లు మిరపకాయలు ఎండబెట్టేవాళ్లు. మా టూరులో ఆ ఇంటి ముందు ఆగాలని ఎక్కడా లేదు. కానీ సరిగ్గా ఆ మలుపులోకి వచ్చేసరికి ఏదో ఒక బండి కీచుమని మొత్తుకునేది. ఛార్జి అయిపోయేది. కింది నుంచి యాదగిరి ట్రాలీ ఆటోలో ఇంకో బండి తెచ్చేదాకా జనాన్ని ఎండలో నిలబెట్టి ఏదో ఒకటి చెప్పాలి. యాదగిరి ఆ ఊరి కుర్రాడే, నా ఈడువాడు. బండ్లు ఎక్కించడం, దించడం, తుడవడం అతని పని.

మొదటిసారి బండి ఆగినప్పుడు లచ్చమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి అందరికీ పోసింది. వాళ్లు నీళ్లు తాగి నా వైపు చూశారు. నేను తలుపు వైపు చూశాను. ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

పూర్వం శత్రువులు ఈ కోటను నెలల తరబడి ముట్టడించారు. కోట లొంగలేదు. లోపల అన్నీ ఉన్నాయి, ఒక్క కల్లు తప్ప. ఈ ఇంటి పూర్వీకుడు ద్వారానికి కాపలావాడు. శత్రువు తెలివైనవాడు. ఒక సాయంత్రం తలుపు సందు దగ్గర ఒక లొట్టి నిండా తాటికల్లు పెట్టి వెళ్లాడు. వాసన లోపలికొచ్చింది. కాపలావాడు తలుపు కొంచెమే తీశాడు, లొట్టి పట్టేంత. రాజ్యం పోయింది. లొట్టి మిగిలింది.

జనం పగలబడి నవ్వారు. ఒకాయన ఆ తలుపు మీద చెయ్యేసి ఫొటో దిగాడు. వాళ్లు నవ్వుతున్నారు కదా అని లచ్చమ్మ కూడా నవ్వింది. చెంబు పట్టుకుని, వాళ్ల పక్కన నిలబడి, తన ఇంటి పరువు తీసిన కథకు ఆవిడే నవ్వింది. ఆ నవ్వును నేనప్పుడు చూడలేదు. తర్వాత చూశాను, చాలాసార్లు, అది ఎదురుగా లేనప్పుడు.

కిందికొచ్చాక యాదగిరి అడిగాడు. "గంతగనం నవ్వుతున్రు, ఏం చెప్పినవన్నా?"

చెప్పాను. అతనికి నవ్వు రాలేదు.

"ఉల్టా చెప్పినవ్ అన్నా. కోట పడ్డనాడు అందరు ఉరికిన్రట. ఆ ఇంటోళ్లే దర్వాజ కాడ నిలవడి సచ్చిన్రట. అందుకే ఎల్లమ్మకు మొదటి బోనం ఆళ్ల ఇంట్లకెల్లే లేస్తది. లచ్చమ్మ పెద్దమ్మ ఎత్తుకుంటది. ఆమె గడప దాటినంక ఊరోళ్లు దాటాలె."

"అట్లాగా! రేపటి నుంచి మార్చేస్తాలే," అన్నాను.

మార్చలేదు. ఎందుకని? నిలబడి చచ్చారంటే జనం తలలూపి ఊరుకుంటారు. కల్లు కోసం తీశారంటే నవ్వుతారు. నాకు నవ్వు కావాలి. నిజం తెలియక చెప్పానని ఈ కథలో నాకొక దారి ఉండేది. ఆ దారిని యాదగిరి మొదటిరోజే మూసేశాడు. కాబట్టి మీరు నా మీద జాలిపడే అవసరం లేదు. నేనూ ప్రయత్నించి చూశాను, కుదరలేదు.

కథ బాగా పండింది. మా మేనేజర్‌గారికి ఎంతగా నచ్చిందంటే, ఆ మలుపులో బోర్డు పెట్టించారు. పైన ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగు ముక్క రాసింది నేనే. రాసేటప్పుడైనా చెయ్యి వణికి ఉంటుందని మీరనుకోవచ్చు. వణకలేదు. 'లొట్టి' అనాలా 'కుండ' అనాలా అని ఆలోచించాను, అంతే.

ఇంగ్లీషులో ఉన్నన్నాళ్లు అది గాల్లో కలిసిపోయేది. తెలుగులోకి రాగానే ఊళ్లోకి నడిచింది. ముందు బడి పిల్లలు చదివారు. తర్వాత పెద్దవాళ్లు పిల్లల చేత చదివించుకున్నారు. బోనాల నెల ఆషాఢం దగ్గర పడుతోంది. ఊళ్లో అంజయ్య అని ఒకాయన ఉన్నాడు. ఎయిర్‌పోర్టు పుణ్యమా అని పొలం ప్లాట్లయి, ప్లాట్లు మేడయిన మనిషి. మేడ వచ్చింది గానీ, మొదటి బోనం రాలేదు. ఆయనకు నా బోర్డు అమ్మవారి వరంలా కనిపించి ఉంటుంది.

ఒకరోజు మేము మలుపులో ఆగేసరికి ఊరి పెద్దలు లచ్చమ్మ వాకిట్లో ఉన్నారు. ఆవిడ తలుపు రెక్క పక్కన నిలబడి ఉంది. మిరపకాయలు తీసేసి ఉన్నాయి. టూరు వాళ్లను పైకి పంపేసి నేను ఆగాను. ఆగమన్నారు.

"ఏం తమ్మీ," అన్నాడు అంజయ్య, "గా బోర్డు మీద ఉన్నది నిజమేనా? నువ్వే గద చెప్పేటోనివి."

నేను నోరు తెరిచేలోగా, ఆగిపోయిన బండిని ట్రాలీలోకి ఎక్కిస్తున్న యాదగిరి అందుకున్నాడు. "గట్ల గాదే పెద్దనాయినా. మా తాత చెప్పేటోడు, ఆళ్లు..."

"నీ తాత ఏం సదివిండ్రా? నువ్వేం సదివినవ్? బండ్లు తుడ్సుకో పో. సదువుకున్న పిలగాడు ఉన్నడు, ఆయిన్ని చెప్పనియ్యి."

యాదగిరి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఇగ నువ్వే చెప్పు, అన్నట్టు. నేను చెబుతాననే అనుకున్నాడు.

అప్పుడు లచ్చమ్మ ముందుకొచ్చింది. "బిడ్డా, జర నాకు చెప్పు. నేను ఈ ఇంటికి కోడలిగ వచ్చిన కాంచి బోనం ఎత్తుతున్న. నాకంటె ముందుగాల మా అత్త ఎత్తింది. మా పెద్దలు గసొంటి పని చేసిన్రా? నాకు తెల్వకుంట ఎల్లమ్మ ముంగట నిలవడ్డనా?"

నవ్వేసి, "అమ్మా, అది నేను జోకుకు అల్లాను" అంటే అయిపోయేది. ఎంతసేపు పడుతుంది?

"పుస్తకాల్లో ఉందమ్మా," అన్నాను.

"పుస్తకంల ఉంటే ఇగ ఏం జేస్తం," అంది ఆవిడ. తర్వాత లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి నాకిచ్చింది. ఎండలో నిలబడ్డాను కదా మరి. తాగాను.

ఇన్నేళ్లూ ఆ మాట ఎందుకన్నానని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఉద్యోగం పోతుందనా? అదేమంత ఉద్యోగం! పరువు పోతుందనా? నా పరువు సంగతి మా అమ్మ ఎప్పుడో తేల్చేసింది. అంజయ్యకు భయపడ్డానా? అలా చెప్పుకుంటే బాగుండేది, భయపడ్డవాడిని జనం క్షమిస్తారు. అసలు సంగతి వేరు, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పుట్టి బుద్ధెరిగాక నా మాట కోసం నలుగురు పెద్దమనుషులు ఆగడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వడం లేదు, 'వీడు చెప్పేది నమ్మకండి' అనేవాళ్లు ఎవరూ లేరు, ఒక పెద్దావిడ తన ఇంటి సంగతి తనకు తెలియదేమో, నాకే తెలుసేమో అన్నట్టు నా మొహంలోకి చూస్తోంది. నాకు బాగుంది. అదీ నేను చేసిన పాపం. నాకు బాగుంది.

యాదగిరి మర్నాడు పొద్దున వచ్చి బండ్ల తాళాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కాటేదాన్‌లో ఏదో కార్ఖానాలో చేరాడని తర్వాత విన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేనూ ఒక జోకు వేసి ఉండేవాణ్ని. అది తెలిసే తిట్టలేదేమో.

ఆ ఏడు మొదటి బోనం అంజయ్య ఇంటి నుంచి లేచింది. ఆ రోజు టూరు లేకపోయినా నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, చెప్పలేను. డప్పులు మలుపు దగ్గరికి రాగానే జోరందుకున్నాయి. అంజయ్య కోడలు కొత్త పట్టుచీర కట్టుకుని, తల మీద బోనం, బోనం మీద దీపం, లచ్చమ్మ గడప ముందు నుంచే నడిచి వెళ్లింది. లచ్చమ్మ కూడా బోనం ఎత్తుకుంది. పసుపు రాసిన అదే కుండ, అవే వేపమండలు. గడప లోపల నిలబడింది. ఊరంతా వెళ్లేదాకా, ఆఖరి ఇంటి బోనం దాటేదాకా నిలబడే ఉంది. అప్పుడు దాటింది. గాలికి దీపం ఆరిపోయినట్టుంది. ముందున్నవాళ్లెవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

టూరు మాత్రం ఎక్కువ కాలం నడవలేదు. జనానికి ఇస్త్రీ బల్లలు మొహం మొత్తాయి. రిసార్టు వాళ్లు ఎత్తేశారు. బోర్డు ఉండిపోయింది.

మొన్న మళ్లీ వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఆరాంఘర్ నుంచి బస్సులో కూర్చుని దారంతా మాటలు కూర్చుకున్నాను. లచ్చమ్మ వాకిట్లో తలుపు రెక్క పక్కన కూర్చుని ఉంది. చూపు బాగా తగ్గింది. నన్ను గుర్తుపట్టలేదు. చూడ్డానికి వచ్చిన బయటివాణ్ననుకుంది.

"కూసో బిడ్డా. గీ దర్వాజ కత తెలుసునా నీకు?" అంది.

చెప్పింది. నా కథే. మా పెద్దాయన ద్వారం కాడ ఉండేటోడు అంది. కల్లు వాసన వచ్చింది అంది. మా ఇంటి తప్పుకే రాజ్యం పోయింది, అందుకే మేం ఆఖరున నడుస్తం అంది. నవ్వు లేకుండా చెప్పింది. ఒకచోట ఆగిపోయింది. "తలుపు ఎంత తీసిండట..." అని గుర్తుతెచ్చుకుంటోంది.

"లొట్టి పట్టేంత," అన్నాను.

"ఆఁ, గంతే," అంది తృప్తిగా.

చెప్పడానికి వెళ్లినవాణ్ని. అందించి వచ్చాను.

కాబట్టి ఇదిగో, మీకు చెబుతున్నాను. కోట పడినప్పుడు ఆ ఇంటివాళ్లు తలుపు తీయలేదు. నిలబడ్డారు. నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అలాంటి పుస్తకమే లేదు. లచ్చమ్మ గడప దాటాకే ఊరు దాటాలి. ఇది మీకు చెప్పినంత మాత్రాన ఆవిడ ముందుకు రాదు, నాకది తెలుసు. మీరు క్షమించినా అది చెల్లదు, అది మీ చేతిలో లేదు. కానీ నోట్లో రాయి లేకుండా ఇవాళ అన్నం తిన్నాను. రుచి అంతంతమాత్రమే.

ఇంకొక్క సంగతి. సెగ్వేలు అమ్మేసేటప్పుడు పెట్టె అడుగున వాటి మాన్యువల్ దొరికింది. టైర్లలో గాలి తక్కువుంటే బ్యాటరీ త్వరగా అయిపోతుందట. మేము ఒక్కసారి కూడా గాలి కొట్టించలేదు. గుట్ట కిందే పంక్చర్ షాపు ఉంది. శుక్రవారం ఒక్కరోజే సెలవు.