చిన్నమ్మగారు తిన్నాకే

మేస్త్రమ్మ పోయిందన్న కబురు ముందుగా నాకు చేరవేసింది మా తోటికోడలు. ముసునూరులో పుట్టింటికి వెళ్ళిన మనిషి పొద్దున్నే ఫోన్ చేసి, "పడుకున్నది పడుకున్నట్టే వెళ్ళిపోయిందంట. నీకు చెప్పకుండా ఉండలేక చేశాను. ముందు నువ్వు టిఫిన్ తిన్నావా?" అని అడిగింది. చావు కబురైనా, పెళ్ళి కబురైనా నాకు చెప్పేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగడం మా ఇంట్లో ఆరేడేళ్ళుగా అలవాటైపోయింది. అది అలవాటు చేసింది కూడా మేస్త్రమ్మే. తిన్నానని చెప్పి ఫోన్ పెట్టేసి, దేవుడి గదిలోకి వెళ్ళి దీపంలో ఇంకొంచెం నూనె పోశాను.

మేస్త్రమ్మ అంటే మా మామిడితోటకి ముసునూరు నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. మగవాళ్ళు గెడలకి కట్టిన చిక్కాలతో కాయ దింపితే, వీళ్ళు సొన కారనిచ్చి, మచ్చకాయ ఏరేసి, మంచికాయని ట్రేలలో సర్దేవాళ్ళు. పొట్టి మనిషి. గొంతు మాత్రం తోట ఆ చివరిదాకా వినపడేది. నన్ను 'చిన్నమ్మగారూ' అని పిలిచేది. ఆ పిలుపులో మర్యాద ఎంత ఉండేదో అదిలింపూ అంతే ఉండేది.

ఆరేడేళ్ళ కిందట, ఒక ఎండాకాలం నా ఒంట్లో ముప్ఫై ఎనిమిది కిలోలే మిగిలాయి. గర్భసంచిలో గడ్డ, నెలనెలా రక్తం పోవడం. ఆపరేషన్ తప్పదన్న డాక్టరమ్మే, నన్ను చూసి వెనకాడింది. "ఈ ఒంటితో మత్తు ఇవ్వాలంటే నాకు భయంగా ఉందమ్మా. అలాగని ఎక్కువ రోజులు ఆపలేను. మీ కోతలు అయ్యేలోపు నలభై మూడు కిలోలకి రండి" అంది. రావాలంటే తినాలి కదా. రెండు ముద్దలు దిగేసరికి గుండెల్లో మంట, పులితేన్పులు, నడుం వాలిస్తే గొంతులోకి పుల్లనీళ్ళు. దానికి మాత్రలిచ్చి, కాగితం మీద తెలుగులోనే వివరంగా రాసిచ్చింది. మాత్ర పరగడుపున వేసుకోవాలి, కొంచెం కొంచెంగా రోజుకి ఆరుసార్లు తినాలి, కాఫీ, కారం తగ్గించాలి, తిన్న మూడు గంటలదాకా పడుకోకూడదు, మంచం తలవైపు ఎత్తు పెట్టాలి. చిన్నప్పుడు బడికి పంపకుండా మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి స్తోత్రాలు వల్లె వేయించినట్టు ఆ కాగితాన్ని కంఠస్థం చేశాను. ఆచరణే కుదర్లేదు. మావారు తలవైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టారు; తెల్లారేసరికి నేను జారి జారి కాళ్ళవైపు ముద్దలా ఉండేదాన్ని. మా అత్తగారి బాధ వేరు. "ఇంత తోట పెట్టుకుని కోడల్ని ఎండగట్టారంటారే ఊళ్ళోవాళ్ళు!" అని పడుకోబోయే ముందు చిన్నరసాల గుజ్జులో చిక్కటి పాలు, నెయ్యి కలిపి ఇంత పొడుగు గ్లాసుతో ఇచ్చేవారు. ప్రేమగా ఇచ్చినదాన్ని కాదనలేక తాగడం, ఆపైన మంటతో లేచి కూర్చోవడం. పదిహేను రోజులకి పెరగకపోగా ఇంకో కిలో తగ్గాను. అంత ప్రేమ దొరకడం అదృష్టమే. వేళే బాగాలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. పూజ అయ్యేదాకా కాఫీ తప్ప ఏదీ ముట్టను. పూజయ్యాక ఇంట్లో వాళ్ళకి టిఫిన్లు. కోతల రోజుల్లో పదకొండింటికి తోటలో కూలీలకి మజ్జిగ, కూర తీసుకెళ్ళాలి. పనివాళ్ళు తినందే ఇంటి ఆడది తినకూడదన్నది మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ వస్తున్న పద్ధతి. నా కంచం ముందు నేను కూర్చునేసరికి రెండున్నర దాటేది. ఇవన్నీ డాక్టరమ్మకి చెప్పాలని నాకు తోచనే లేదు. అవి జబ్బులు కావు కదా!

ఒకరోజు మజ్జిగ గిన్నె దించి లేవబోతుంటే కళ్ళు తిరిగి చెట్టు మొదట్లో చతికిలబడ్డాను. మేస్త్రమ్మ వచ్చి కొంగుతో విసురుతూ, "పొద్దుట్నుంచి ఏం తిన్నారండీ చిన్నమ్మగారూ?" అని అడిగింది.

"పూజకి ముందు కాఫీ తాగానుగా."

"కాఫీ తిండెప్పుడైందండీ? మా గేదె నయం. పాలు తీసేముందు దాని ముందు దాణా పెడతాం."

ముఠా అంతా నవ్వింది. నాకు రోషం వచ్చి, మీరు తినకుండా నేనెలా తింటానని మా పద్ధతి చెప్పాను. ఆపరేషన్ సంగతీ, నలభై మూడు సంగతీ ఆ ఉడుకులో అన్నీ చెప్పేశాను. నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రమ్మ వెనక్కి తిరిగి కేకేసింది. "ఏయ్, క్యారేజీలు మూసేయండే! చిన్నమ్మగారు తిన్నాకే మనం!"

"త్వరగా కానీయండి తల్లీ, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి" అని ఒకామె మొర. ఇంటి నుంచి పెసరపప్పు కలిపిన మెత్తటి అన్నం తెప్పించి, ఇరవైమంది ఆకలి కళ్ళ ముందు తిన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. కానీ ఆ అన్నం తిన్నాక గుండెల్లో మంట రాలేదు.

మర్నాటి నుంచి అదే వరస. ఎనిమిదింటికి ఇడ్లీ, పదకొండింటికి పప్పన్నం, సాయంత్రం నాలుగింటికి బాగా మగ్గిన అరటిపండో, ఉడికించిన గుడ్డో. ఏ వేళకైనా నేను తినందే వాళ్ళలో ఒక్కరూ ముట్టేవాళ్ళు కాదు. మావారొకసారి, "ఎండెక్కితే కాయ వడిలిపోద్ది, కానీయండమ్మా" అని గొణిగితే, "కాయ వచ్చే ఏడూ కాస్తదండీ బాబుగారూ" అని మేస్త్రమ్మ కొట్టిపారేసింది. నేను నైవేద్యం వేళ ఆరింటికి జరిపి, స్వామికి చూపించిన ఇడ్లీనే ప్రసాదంగా తినడం మొదలుపెట్టాను. ఆ స్వామికి అభ్యంతరం ఉన్నట్టు ఎక్కడా కనబడలేదు. మా అత్తగారు కూడా మామిడిరసం గ్లాసు చిన్నది చేసి మధ్యాహ్నానికి మార్చారు. మాత్ర మానమని గాని, ఏదో ఆకు నమలమని గాని మేస్త్రమ్మ ఏనాడూ అనలేదు. డాక్టరమ్మ రాసిందాన్ని నా చేత చేయించింది, అంతే.

శుక్రవారం శుక్రవారం ట్రేలు తూచే కాటా మీద నన్ను నిలబెట్టేది. "ముప్ఫై తొమ్మిదీ!" అని కాయ బరువు చెప్పినట్టే కేక. ఒక వారం పెరగలేదు. నా మొహం చూసి, "ఉరుకులెందుకండీ? పచ్చికాయని ఇవ్వాళ గడ్డిలో పెట్టి రేపు తీస్తే పండుద్దా?" అంది. తోటలో ఆఖరి కోతరోజున నలభై మూడున్నర పలికింది. ఆ కేకకి చెట్లమీది మగవాళ్ళు కూడా ఈలలేశారు. వానలు పడ్డాక ఆపరేషన్ జరిగింది. ఆ దేవుడి దయవల్ల, ఇవాళ ఇలా కూర్చుని మీకు ఇదంతా రాస్తున్నాను.

ఆమెకి చీర పెట్టాను, పండ్లు పంపాను. కానీ ఇన్నేళ్ళలో అడగవలసిన మాట ఒకటి అడగలేదు. నేను తినేదాకా మూసి ఉంచిన ఆమె క్యారేజీలో ఏముండేదో, తెల్లవారుజామున లేచి వండుకొచ్చిన ఆ మనిషి ఎప్పుడు తినేదో నాకు తెలియదు. నా తిండి మీదే ధ్యాసగా ఉన్నాను. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

కాలం ఎవరికోసమూ ఆగదంటారు పెద్దలు. ఒక్క ఎండాకాలం, ఇరవైమంది ఆకలిని పక్కన కూర్చోబెట్టి, నా కోసం ఆ కాలాన్ని రోజూ కాసేపు ఆపిన మనిషి ఒకామె ఉండేది. మీ ఇంట్లో అందరికీ పెట్టి ఆఖరున కూర్చునే ఆడవాళ్ళుంటే, రేపు వాళ్ళని ముందు కూర్చోబెట్టి, మా మేస్త్రమ్మని ఒక్కసారి తలుచుకోండి.