నర్సు పిల్ల కోసం మా సంఘం చేసిన ప్రార్థన

చెవిని చేసినవాడికి స్తోత్రం. కన్ను మూతపడిన రోజుల్లో చెవి గుండా ఒక లోకాన్నే ఇంట్లోకి పంపినవాడికి, నవ్వునూ కన్నీటినీ ఒకే మనిషిలో పక్కపక్కన పెట్టినవాడికి, మా ఇబ్రహీంపట్నం సంఘాన్ని దాని అమాయకత్వంతో సహా ఇంతవరకు కాపాడినవాడికి మహిమ కలుగును గాక. ఇది రాయడానికి జ్ఞాపకశక్తిని ఆయన ఇచ్చాడు. మిగతాదంతా మా అత్తమ్మ ఇచ్చింది.

మా చుట్టుపక్కల చేలల్లో జొన్నకు బదులు హద్దురాళ్లు మొలుస్తున్న కాలం అది. నిన్నటిదాకా ఎడ్లు తోలినవాళ్లు మోటారు సైకిళ్ల మీద తిరుగుతూ ప్లాట్లు చూపించేవారు. ప్రతి ఇంట్లో కలర్ టీవీ వచ్చేసింది. ఆ డిసెంబరు మొదట్లో అత్తమ్మకు కంట్లో శుక్లం తీశారు. టీవీ చూడొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, తల వంచొద్దు అన్నాడు డాక్టరు.

"తల వంచకుంటే ప్రార్థన ఎట్ల జెయ్యాలె?" అని అడిగింది అత్తమ్మ.

"తల ఎత్తి చెయ్యమ్మా. నీ దేవుడు పైననే ఉంటడు గద," అన్నాడాయన.

అప్పటినుంచి ఆ డాక్టరంటే ఆమెకు పడదు.

టీవీ లేదు, వంట లేదు. రెండు రోజులకే ఇల్లంతా ఆమె విసుగుతో నిండిపోయింది. చివరికి మా ఆయన సజ్జ మీది నుంచి మామయ్య రేడియో దించి, దుమ్ము దులిపి, కొత్త సెల్లులు వేశాడు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన పొద్దున సిటీ బస్సెక్కితే చీకటి పడ్డాకే దిగేవాడు. కాబట్టి మధ్యాహ్నాలు ఇంట్లో అత్తమ్మ, రేడియో, ఇద్దరే.

ఆ నెల రేడియోలో మధ్యాహ్నం ఒక అపరాధ పరిశోధన నాటకం వచ్చేది. ఆదివారాలు తప్ప రోజుకో భాగం, క్రిస్మస్ నాడు ఆఖరిది. కాఫీ తోటల మధ్య ఒక బంగళా, అందులో ఒక ముసలి యజమాని. ఒకనాడు నర్సు ఇచ్చిన పాలు తాగి ఆయన చనిపోతాడు. పాలల్లో విషం. తల్లీ తండ్రీ లేని ఆ నర్సును పోలీసులు పట్టుకుపోతారు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను, మేము పడ్డ అయోమయం మీకెందుకని.

శుక్రవారం సాయంత్రాలు మా సంఘంలో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. అక్కడ ఒక పద్ధతి ఉంది. విన్నపం చెప్పినవాళ్లను ఊరూ పేరూ అడగం. తాగుబోతు భర్త గురించి, ఇల్లు విడిచిపోయిన బిడ్డ గురించి ఆడవాళ్లు భయం లేకుండా చెప్పుకోవాలని పాస్టరమ్మ పెట్టిన పద్ధతి అది. "ఆ వ్యక్తి ప్రభువుకు తెలుసు" అనుకుని కళ్లు మూసుకుంటాం.

అత్తమ్మ విన్నపాలకు సంఘంలో అంత విలువ ఉండేది కాదు. పాలివ్వని బర్రె గురించీ, కోడలి కూరలో ఎక్కువైన ఉప్పు గురించీ ఆమె నిండు సభలో ప్రభువుకు చెప్పేది. ఆమె లేచి నిలబడగానే ఆమెన్ కన్నా ముందు నవ్వు వచ్చేది. ఆ శుక్రవారం మాత్రం కంటికి పచ్చ గుడ్డతో లేచింది.

"ఒక నర్సు పిల్ల ఉన్నది. మస్తు మంచిది. అవ్వ లేదు, అయ్య లేడు. ముసలాయనకు పాలల్ల విషం కలిపిందని పోలీసోల్లు పట్కపోయిండ్రు. ఆ పిల్ల చెయ్యలే. నాకెరుక. జర ప్రార్థన చెయ్యుండ్రి."

"ఆ పిల్ల చెయ్యలేదని నీకెట్ల ఎరుకక్కా?" అంది పాస్టరమ్మ, అప్పటికే కొంగు కళ్లకు అద్దుకుంటూ.

"ఏడుస్తుంటే ఈ చెవులతోని విన్న. గట్ల ఏడ్చేది అబద్ధమాడదు."

అత్తమ్మ కంటి దవాఖాన నుంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. అక్కడి నర్సే అయ్యుంటుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆనాడు ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్లు ఏడ్చి మరీ ఆమెన్ అన్నారు. ఇంటికి వచ్చే దారంతా అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "విన్నవా బిడ్డా, ఎంత గట్టిగ అన్నరో" అని మురిసిపోయింది.

ఆదివారం పాస్టరయ్య ప్రసంగ వేదిక మీది నుంచి ఆ పిల్ల పేరున, అంటే పేరు లేకుండానే, సంఘమంతటి చేత ప్రార్థన చేయించాడు. ఆ తర్వాత అత్తమ్మ రోజుకో వార్త చెప్పసాగింది. ఇవాళ వకీలు మంచిగనే మాట్లాడిండు. జైలుల బువ్వ ముడ్తలేదట. పగలు ఎవరో వచ్చి చెప్పిపోతున్నారనుకుని, సంఘం పద్ధతి ప్రకారం నేను అడగలేదు. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే బృందం ఆ ఏడు మా ఇంటికే ముందు వచ్చింది. ఒక చరణం పాడి ఆపేసి, "పెద్దమ్మా, బెయిల్ దొరికిందా?" అని అడిగారు.

స్కూలుకు క్రిస్మస్ సెలవులిచ్చారు. మొదటి రోజు మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతుంటే అత్తమ్మ, "చప్పుడు జెయ్యకు!" అని కసిరింది. రేడియోలో తలుపు కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఒక అమ్మాయి ఏడుస్తూ, పాలు తెచ్చిన మాట నిజమే కానీ విషం సంగతి తనకు తెలియదంది.

నా చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. "అత్తమ్మా! నర్సు పిల్లంటే ఈమెనా?"

"మరెవరనుకున్నవ్?"

"ఇది నాటకం! ఆ పిల్ల లేనే లేదు!"

ఆమె ముందు రేడియో గొంతు తగ్గించింది. "నువ్వు సండే స్కూల్ల, ఇల్లిడిసి పోయి పందుల కాడ కూసున్న పిలగాని కథ చెప్పి పోరలను ఏడ్పిస్తవ్ గద. వాడు ఏ ఊరోడు? వానికి రేషన్ కార్డున్నదా?"

"అది ప్రభువు చెప్పిన ఉపమానం."

"గిది రేడియోటోడు చెప్పిండు. చెప్పినోడు వేరే గని, ఏడ్చుడు ఒక్కటే."

నేను వదల్లేదు. "వాళ్లు ఎప్పుడో రాసి, రికార్డు చేసి పెట్టిండ్రు. ఇప్పుడు ప్రార్థన చేస్తే ఏం మారతది?"

"మనం ఇప్పుడు చేస్తమని దేవునికి అప్పుడే ఎరుక గద. రాసెటోనికి ముందుగల్లనే చెప్పి ఉంటడు."

దేవుని పూర్వజ్ఞానం మీద నేను బైబిలు తరగతులకు కూర్చున్నదాన్ని. తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

కాసేపటికి ఆమే చిన్న గొంతుతో అంది: "సంగంల చెప్పకు బిడ్డా. నవ్వుతరు. నవ్వితే నవ్వనీ, అది నాకు అలవాటే. గని రేపు నిజంగ ఎవలన్న ఆపదల ఉంటే నేను లేచి అడుగుత గద, అప్పుడు ఆమెన్ అనెటోల్లు ఎవలుంటరు?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. ఎవరూ అడక్కుండా కాపాడమని ప్రభువును వేడుకున్నాను. మర్నాడే, క్రిస్మస్ ముందురోజు, సరిగ్గా నాటకం వేళకు మా సంఘ పెద్ద వచ్చాడు.

ఆయన ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. అప్పట్లో మా సంఘంలో సెల్‌ఫోను ఆయన ఒక్కడికే ఉండేది. ఆరాధన మధ్యలో అది మోగితే "సిటీ నుంచి" అని అందరికీ వినపడేలా చెప్పి బయటికి పోయేవాడు.

"అక్కా, వకీల్ను మాట్లాడిన. సీఐ గూడ నాకు తెల్సినోడే. పిల్లను ఏ స్టేషన్ల పెట్టిండ్రో చెప్పు, పండుగకు బయటుండాలె."

"జర ఆగు తమ్మీ. గిప్పుడే కోర్టుల ఉన్నది."

"ఏ కోర్టుల?"

అత్తమ్మ రేడియో వైపు వేలు చూపించింది. అందులో జడ్జి సుత్తితో బల్ల కొట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన నిలబడే ఉన్నాడు, నోరు కొంచెం తెరిచి. తర్వాత మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. రేడియోలో ప్రభుత్వ వకీలు నర్సును గద్దించాడు. ముసలాయన మేనల్లుడు సాక్ష్యం చెప్పాడు. వంటామె దగ్గుకుంటూ, ఆ పిల్ల బంగారమంది.

"గా మేనల్లుడు దొంగ ఉన్నట్టున్నడు," అన్నాడు పెద్ద.

"కాదు, డాక్టరు. డాక్టర్లు గట్లనే ఉంటరు."

"బంగళా ఎన్ని గజాలుంటది?"

అత్తమ్మ ఆలోచించింది. ఆమె మనసులో ఆ కాఫీ తోట బంగళా మా ఊరి ఎమ్మార్వో ఆఫీసులా ఉండేదట. "ఎమ్మార్వో ఆఫీసంత. ముంగట జాగ వేరే."

"అయితే మేనల్లుడే. గంత జాగకు ఎవడన్న చంపుతడు. రోజు చూస్తలేనా?"

సెల్‌ఫోను మోగింది. ఆయన చూడకుండానే నొక్కేశాడు. ఆ దృశ్యం మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు భాగం అయిపోయాకే ఆయనకు కోపం గుర్తొచ్చింది. "అక్కా! రేడియోల పిల్లకు జామీను గురించి నేను సీఐకి ఫోన్ చేసిన!"

"ఏమన్నడు?"

"పేరు జెప్పమన్నడు."

"చెప్పకపోతివి. మంచిగైంది."

ఆయన గుమ్మం దాకా పోయి తిరిగి వచ్చాడు. "రేపు ఆఖరిదా? మరి ఆరాధన లేటయితే ఎట్ల?"

క్రిస్మస్ నాడు ఆరాధన లేటయింది. సంఘ పెద్ద ముందు వరుసలో కూర్చుని గడియారమున్న చెయ్యి ఎత్తి ఎత్తి చూపించాడు. పాస్టరయ్య దాన్ని ఆత్మానందంతో లేచిన చెయ్యి అనుకుని మరింత ఉత్సాహంగా ప్రసంగంలో గొర్రెల కాపరుల దగ్గరికి మళ్లీ వెళ్లాడు. అత్తమ్మ శాలువా కింద రేడియో పట్టుకుని, గుడ్డ కట్టని కంటితో నన్ను చూస్తూ కూర్చుంది.

చివరికి షామియానా కింద ప్రేమవిందు మొదలైంది. బగారన్నం, కోడికూర. అందరి చేతుల్లోకీ ప్లేట్లు వచ్చాక పాస్టరమ్మ మైకు అందుకుంది. ఆడవాళ్లంతా కలిసి నర్సు పిల్లకు ఒక కేకు, ఒక కొత్త చీర తెచ్చారట. రేపు జైలుకు పోయి ఇస్తారట.

"అక్కా, ఏ జైలో నువ్వు చెప్పాలె. ఇంత దూరం వచ్చినంక పేరు అడగకుంటే ఎట్ల?"

షామియానా అంతా మా వైపు తిరిగింది. నేను లేవబోయాను. అత్తమ్మ నా భుజం నొక్కి తానే లేచి, తడుముకుంటూ పోయి మైకు పట్టుకుంది.

"ఆ పిల్ల ఏ జైలుల లేదు. రేడియోల ఉన్నది. నాటకంల. నేను అబద్ధం చెప్పలే, గని మీరు వేరే అనుకుంటున్నరని ఎరుక. ఎరుకై గూడ చెప్పలే. ఇంక జరసేపట్ల తీర్పు."

వడ్డించేవాడి గరిటె బకెట్‌కు తగిలిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత ఒక మూల నుంచి నవ్వు లేచి షామియానా అంతా పాకింది.

"నేను ఉపవాసమున్ననక్కా!" అంది పాస్టరమ్మ. కాసేపాగి, "మరి చీర?" అంది.

నవ్వు రెండింతలైంది. పాస్టరయ్య ముఖం కందిపోయింది. "దేవుని మందిరంలో ఇట్లాంటి..." అని మొదలుపెట్టాడు.

"అయ్యగారూ, తిట్టుడు తర్వాత. సురువైతుంది!" అంటూ సంఘ పెద్ద ఉరికి వచ్చి, రేడియో తీసి మైకు ముందు పెట్టాడు.

ఇక ఎవరు ఆపగలరు? స్పీకర్లలో తలుపు కిర్రుమనగానే పిల్లలు కూడా నమలడం మానేశారు. అడుగుల చప్పుడు. వాన. కోర్టులో ఎవరో దగ్గారు. వంటామె లేచి నిలబడింది. విషం కలిపింది తానేనంది. ఎన్నో ఏళ్ల కింద తన భర్త ఆ తోటలో జ్వరంతో పడిపోతే, ముసలాయన బండి ఇవ్వలేదట. దవాఖానకు చేరకముందే అతను పోయాడట. నర్సు మీదికి నేరం పోతుందని తాను అనుకోలేదంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. నర్సు విడుదలైంది.

చప్పట్లు, ఈలలు. పాస్టరమ్మ "స్తోత్రం!" అని అరిచి, ఆ పిల్ల లేదన్న సంగతి గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సంఘ పెద్ద మాత్రం ముఖం ముడుచుకున్నాడు, మేనల్లుడు కాకపోయినందుకు.

అత్తమ్మ చప్పట్లు కొట్టలేదు. రేడియో కట్టేసి, మైకు దగ్గరే నిలబడింది.

"నాదొక విన్నపం," అంది.

మళ్లీ నవ్వు మొదలైంది.

"గా వంటామె కోసం."

"అక్కా, గామె మనిషిని చంపింది!" అన్నాడు సంఘ పెద్ద.

"అవ్, చంపింది. ఏం చెయ్యని పిల్ల కోసం ఇంతమందిమి ఏడిస్తిమి. చేసినామెకు ఎవలున్నరు? రేపటికెల్లి రేడియోల గూడ ఉండది."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. పాస్టరయ్య చేతిలోని ప్లేటు కుర్చీ మీద పెట్టి, గొంతు సవరించుకుని, "పరలోకమందున్న ప్రభువా, ఆ స్త్రీని, అటువంటి స్థితిలో ఉన్న వారందరిని..." అని ఎత్తుకున్నాడు.

"అందరు తర్వాత అయ్యగారు. ముందుగాల గామెను."

ఆయన ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థనలు నేను ఎన్నో విన్నాను, పెద్ద పెద్ద మాటలతో ఉంటాయి. ఆనాటిదాంట్లో అవి లేవు. "ప్రభువా, ఆమె చేసింది. నీకు తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆమెను విడిచిపెట్టకు."

అత్తమ్మ మైకును రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు సంఘ పెద్ద, నోట్లో అన్నం ముద్దతోనే, "ఆమెన్" అన్నాడు. ఆ వెనకే షామియానా అంతా అంది, వంట మనుషులతో సహా.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్లు మూసుకోండి. నిందపడ్డ నిర్దోషుల కోసం మనం ఎట్లాగూ అడుగుతాం. ఇవాళ మాత్రం, నిజంగానే చేసి, ఏ గదిలోనో ఒంటరిగా కూర్చున్న మనిషి కోసం నాతో కలిసి అడగండి. ఆ మనిషి పేరు మనకు తెలియనక్కర్లేదు. ప్రభువా, విడిచిపెట్టకు. ఆమెన్ మీరు అనండి.